అమ్మేవాళ్ళు లేని నీళ్ళు

ఆగస్టులో కువైట్‌లో ఏ కుళాయి తిప్పినా వేడినీళ్ళే. నిన్న మధ్యాహ్నం చేపలు కడగడానికి గిన్నెడు నీళ్ళలో ఐసు ముక్కలు వేసి చేతులు ముంచాను. ఎముకల దాకా జివ్వుమంది. వెంటనే మార్తక్క పక్కకొచ్చి నా పాదం తొక్కినట్టనిపించింది.

మార్తక్కది మా కోనసీమలోనే ఓ పల్లె. ముబారక్ అల్ కబీర్ ప్రాంతంలో నేను పనిచేసే ఈ అరబ్బుల ఇంట్లో, నేను రాకముందు నుంచీ వంట ఆమే చేసేది. నేనేమో రావులపాలెం కిరాణా కొట్టు పిల్లను. అటు కొట్టు, ఇటు కొట్టు; మా వీధిలో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వస్తుంది. పావు కావాలంటే మొత్తం అడగాలి. ఎదుటివాళ్ళు విసుక్కుని పావు దగ్గర తెగ్గొడతారు. మనం ఓడిపోయిన మొహం పెట్టి పుచ్చుకోవాలి. మా యజమానురాలిని ఇక్కడి అలవాటు ప్రకారం 'మామా', అంటే అమ్మా, అని పిలుస్తాం; ఆవిణ్ణి సెలవైనా, కొత్త చెప్పులైనా అలాగే అడిగేదాన్ని. అక్క మిర్కాబ్ బజారు దుకాణాల్లో చెప్పిన ధర ఇచ్చేసి వస్తుంటే నాకు కడుపు మండేది. "నువ్వు మా వీధిలో సరుకులు కొనుంటే మా నాన్న మేడ కట్టేవాడక్కా" అంటే నవ్వి ఊరుకునేది.

ఒక వేసవిలో ఇంటివాళ్ళు మమ్మల్ని కూడా ఓ కొండల దేశానికి తీసుకెళ్ళారు. అక్కడి నేషనల్ పార్కులో, ఒకప్పుడు కదిలిన మంచు తొలిచిన గుంటల్లో నీళ్ళు నిలిచి, మెట్లుమెట్లుగా సరస్సులున్నాయి. పైవి నీలం, అన్నిటికన్నా కిందిది పాలు కలిపిన ఆకుపచ్చ. మామా వాళ్ళమ్మను మేం పెద్ద మామా అనేవాళ్ళం. ఆవిడ చిన్నప్పుడు కువైట్‌కు మంచినీళ్ళు బస్రా వైపు నుంచి పడవల్లో వచ్చేవట. గుమ్మంలో నీళ్ళవాడితో వాళ్ళమ్మకు రోజూ గొడవేనట. అలాంటి మనిషికి తియ్యటి నీళ్ళ సరస్సులో ఒక్కసారి కాళ్ళు పెట్టాలని కోరిక. మోకాళ్ళు సహకరించవు, చక్రాల కుర్చీ ఆ రాళ్ళ బాటలో కదలదు. మర్నాడే తిరుగు ప్రయాణం. చలికి ఊపిరి పట్టేస్తుందని భయపడి మామా కారులోంచే చూడమంది.

నాలోని కొట్టుపిల్ల మేలుకుంది. కింది సరస్సు దగ్గర తెగుతుందిలే అని, పెద్ద మామాను పై సరస్సు దాకా మోసుకెళ్తామని అడిగాను. మామా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "ఖలాస్. ఎవరూ కారు దిగొద్దు" అంది. మా వీధి తెలివి అక్కడ బోర్లా పడింది. పెద్ద మామా అద్దానికి వేళ్ళు ఆనించి నీళ్ళనే చూస్తూ కూర్చుంది.

అప్పుడు నా పక్కనున్న మార్తక్క తనకొచ్చిన అరబ్బీలో నెమ్మదిగా అంది: "మామా, మీ అమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టాలనుకుంటోంది. నేను పట్టుకుంటాను."

అంతే. మామా జవాబు చెప్పలేదు. ఆ మౌనం నాకు దురదలా ఉంది. పోనీ చేతులైనా తడుపుతామని ధర దించబోయాను. అక్క నా పాదం తొక్కిపట్టింది. "ఊరుకోవే. ఆలోచించుకోనీ ఆవిణ్ణి" అని తెలుగులో గొణిగింది.

చాలాసేపటికి మామా కారు తలుపు తీసింది. ఒక పక్క అక్క, ఒక పక్క కూతురు పట్టుకుంటే పెద్ద మామా అడుగులో అడుగేసింది. వెనక నేను దుప్పటి మోశాను. నీళ్ళు తగలగానే ఆవిడ ఊపిరి బిగబట్టి, ఆనక చిన్నపిల్లలా నవ్వింది. దోసిట్లో నీళ్ళు పట్టి, "వీటిని అమ్మేదెవరు?" అని అడిగింది. ఎవరూ అమ్మరని అక్క చెప్పింది. తల్లి అబాయా అంచు తడవకుండా ఎత్తిపట్టుకుని మామా కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం, మామా కాదంటే ఏం చేసేదానివని అక్కను అడిగాను. "కాదంటే కాదంటాది. లేనిపోనివన్నీ కలిపి అడిగితే, మనకి నిజంగా కావాల్సిందేంటో ఆళ్ళకెలా తెలుస్తాదే?" అంది.

పెద్ద మామా ఇప్పుడు లేదు. మార్తక్క పని మానేసి ఊరెళ్ళిపోయింది. ఆమె మోకాళ్ళూ పెద్ద మామా మోకాళ్ళలా అయ్యాయట, గడప దాటడం లేదట. మిర్కాబ్‌లో నేనింకా ధరలు దించుతూనే ఉన్నాను, ఆ జబ్బు పోదు. కానీ నిన్న వంటింట్లోకి మామా వచ్చినప్పుడు ఐసు నీళ్ళలోంచి చేతులు తీసి, "మామా, మార్తక్కను చూడాలనుంది. ఊరికి వెళ్ళొస్తాను" అన్నాను.

మామా గిన్నెలోని ఐసు వైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మకు బాగాలేదనీ, తమ్ముడి పెళ్ళనీ లేనిపోని సాకులు నోటిదాకా వచ్చాయి. నా ఎడమ పాదాన్ని కుడి పాదంతో గట్టిగా తొక్కిపట్టి నిలబడ్డాను.