బావ స్వామి

మా బావ వంగి నా పాదాలు ముట్టుకున్నప్పుడు నా కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

గుడివాడలో మా గురుస్వామి గారి మేడ మీద అయ్యప్ప పీఠం. ఆ రోజు పడిపూజ. నేను బందరు నుంచి బస్సులో వచ్చి, కింద పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, నల్ల పంచె తొక్కుకోకుండా పట్టుకుని మెట్లెక్కాను. పైన గుమ్మంలో ఒక పెద్దాయన. నల్లబట్టలు, నెరిసిన గడ్డం, నుదుటి నిండా విభూతి. "స్వామి శరణం" అంటూ వంగి రెండు చేతులూ నా పాదాలకి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. లేచాక చూస్తే మా బావ.

ఆయన కూడా నన్ను చూడడం అప్పుడే. దీక్షలో ఉన్నవాళ్ళు ఎదురైన ప్రతి స్వామికీ దండం పెట్టాలి. పెట్టేటప్పుడు కాళ్ళు కనిపిస్తాయి గానీ మొహం కనిపించదు.

ఆయన మా అక్క భర్త. నాకంటే బాగా పెద్ద. మేమిద్దరం మాట్లాడుకోక ఆరేళ్ళు దాటింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే చిన్నవాళ్ళకి ఆయుక్షీణమని మా వైపు అంటారు. బావ నాకు కోరుకుంటున్నది ఇంచుమించు అదే అయినా, ఇంత దూరం వస్తాడని నేననుకోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"తిరిగి దండం పెట్టాలి స్వామీ" అన్నారు గురుస్వామి గారు వెనక నుంచి.

పెట్టాను. అలా ఆరేళ్ళ తర్వాత మా పలకరింపు పాదాల దగ్గర మొదలైంది.

గొడవకి కారణం ఉప్పు. దివిసీమలో నాన్న నాకు వదిలివెళ్ళిన ఎకరం పైచిలుకు చేను ఉంది. దాని పక్కనే బావ పొలం. ఊళ్ళో అందరూ చెరువులు తవ్వుతున్న రోజుల్లో బావ కూడా తన పొలం తవ్వి రొయ్యలు వేశాడు. రొయ్యలకి ఉప్పునీళ్ళు కావాలి. ఉప్పునీళ్ళకి గట్టంటే భయం లేదు. రెండో ఏడు మా చేలో వరి మొలకెత్తి, ఒకసారి చుట్టూ చూసి, చచ్చిపోయింది. మూడో ఏటికి మడంతా చౌడు తేలి తెల్లబడింది. ఎవరో ముగ్గు పెట్టబోయి మధ్యలో విసుగొచ్చి డబ్బా కుమ్మరించి వెళ్ళిపోయినట్టుంది.

అడగడానికి వెళ్ళాను.

"బందరులో ఫ్యాను కింద కూర్చునేవాడివి, నీకు చేలెందుకురా?" అన్నాడు బావ.

"ఉప్పు ఆరబెట్టుకోడానికి బావా. ఈ ఏడు బాగా పండింది."

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఈ గట్టు మళ్ళీ తొక్కనని చెప్పి వచ్చేశాను, తొక్కలేదు కూడా. తర్వాత రెండేళ్ళకి వైరస్ వచ్చి బావ రొయ్యలు పోయాయని తెలిసింది. ఆ వార్త విని నేను సంతోషించలేదు. ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నానని మా ఆవిడ అంటుంది.

ఇందులో నలిగింది అక్క. ఈ మాఘానికి మా మేనకోడలి పెళ్ళి ఖాయమయ్యేసరికి ఆ నలగడానికి ఒక ముహూర్తం వచ్చింది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తాడు. అక్కకి ఉన్నది నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. కార్తీకంలో ఫోను చేసింది.

"మీ బావ మా తోటికోడలి తమ్ముణ్ణి పిలుస్తారటరా. వరసకి మేనమామే కదా అంటున్నారు."

"బుట్ట పట్టుకోడం వచ్చా అతనికి?"

"జోకులెయ్యకు. మన అమ్మకి నేను, నువ్వు, ఇంకెవరూ లేరు. నా కూతుర్ని ఎవరి తమ్ముడో మోసుకొస్తుంటే నేను ఏ మొహంతో ఎదురెళ్ళాలి? మీ ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పండిరా."

"ఆయనే విప్పాలి."

"ఆయనా అదే అన్నారు" అంది అక్క. తర్వాత ఉన్నట్టుండి, "నువ్వు మాల వేసుకుంటున్నావటగా? గుడివాడలో ఒక గురుస్వామి ఉన్నారట. నిష్ఠగా చేయిస్తారట. ఆయన దగ్గర వేసుకో" అంది.

నేను మాల వేసుకోడానికి పెద్ద ఆధ్యాత్మిక కారణమేమీ లేదు. డాక్టరు నడవమన్నాడు, మా ఆవిడ మొక్కుకుంది, శబరిమల అయితే రెండూ ఒకేసారి తీరతాయి. అక్క నిష్ఠ అంటే గుడివాడ వెళ్ళి వేసుకున్నాను. డిగ్రీలో నాకు లాజిక్ పేపరు లేదు.

పడిపూజ నాడు గుమ్మంలో బావని చూశాక అక్క చెప్పిన నిష్ఠ ఏమిటో అర్థమైంది. అర్థమై ప్రయోజనం లేదు. ఒకసారి వేసిన మాల మధ్యలో తియ్యాలంటే దగ్గరివాళ్ళెవరైనా పోవాలి. నా కోసం అంత పని చెయ్యమని ఎవరిని అడుగుతాం.

అక్కణ్ణుంచి మండలం దీక్ష పూర్తయ్యేదాకా బావ నాకు స్వామి, నేను బావకి స్వామి. ఈ స్వామి అనే పిలుపుకి నేను అప్పటికే కొంత అలవాటు పడ్డాను. మా రెవెన్యూ ఆఫీసులో "ఫైలేదయ్యా" అని అరిచే పై అధికారి "ఫైలేది స్వామీ" అని అరవడం మొదలెట్టాడు. నల్లబట్టలు కుట్టిచ్చిన సాయిబు గారు కూడా, "ఎరుమేలిలో వావరు స్వామి మసీదు దగ్గర నన్నూ ఓసారి తలుచుకోండి స్వామీ" అన్నారు. కానీ బావ నోట ఆ మాట వింటే మాత్రం ప్రతిసారీ వెన్నులో ఏదో పాకేది. "ఏరా" అని తప్ప పిలిచి ఎరగని మనిషి. ఆ పడిపూజ నాడే భిక్షలో ఆయన వడ్డిస్తున్నాడు. నా విస్తరి ముందుకొచ్చి ఆగాడు.

"పులిహోర ఇంకొంచెం వేయమంటారా స్వామీ?"

"చాలు స్వామీ."

"ఉప్పు సరిపోయిందా స్వామీ?"

ఆయన కళ్ళల్లోకి చూశాను. ఏమీ దొరకలేదు.

"ఎప్పుడో సరిపోయింది స్వామీ" అన్నాను.

గరిటె ఒక క్షణం గాల్లో ఆగి, పక్క విస్తరికి వెళ్ళింది.

పుష్యంలో బయల్దేరాం. ఇరుముడి కట్టే రోజు గురుస్వామి గారు మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, "ఇద్దరూ మొదటిసారి వెళ్ళే కన్నెస్వాములే, ఇద్దరూ జత" అని తేల్చేశారు. జత అంటే తేలిక్కాదు. తల మీది ఇరుముడి ఎక్కడ పడితే అక్కడ నేల మీద దించకూడదు, ఎవరంతట వాళ్ళు ఎత్తుకోకూడదు. దించాలన్నా ఎత్తాలన్నా జత స్వామే. ఒకరికి పని తగిలితే రెండో మనిషి పట్టుకుని నిలబడాలి. కేరళ పొడవునా నేను బస్సు దిగి చెట్టు చాటుకి వెళ్ళాల్సి వచ్చిన ప్రతిసారీ, ముందు మా బావ ముందు తలవంచాల్సి వచ్చింది. నాకు షుగరు. చాలాసార్లు వంచాను.

పంప దాటి నీలిమల మొదట్లో తలెత్తి చూశాను. మా వైపు ఎత్తు అంటే కాలవ గట్టు. దాని మీద నిలబడితే పక్క మండలం దాకా కనిపిస్తుంది. బందరు నుంచి మంగినపూడి బీచికి సైకిలు మీద వెళ్తే దారంతా బల్ల పరిచినట్టుంటుంది. మా దగ్గర నేల మనిషి కాళ్ళ కింద పడుకుని ఉంటుంది. ఇక్కడ లేచి ఎదురుగా నిలబడి ఉంది. జనం దాని మీదికి మామూలుగా, ఏమీ జరగనట్టు నడిచి వెళ్తున్నారు.

"ఇదంతానా స్వామీ?" అన్నాడు పక్కనే బావ. ఆయన గొంతులో భయం వినడం అదే మొదలు. కొంత ధైర్యం వచ్చింది.

సగం దూరంలో నా ధైర్యం అయిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బావ ఒక మాటా అనకుండా నా ఇరుముడి దించి, తన తల మీది దాన్ని ఒక చేత్తో, నాదాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, ఎండలో నిలబడ్డాడు. నేను మెట్టు మీద కూర్చుని ఆయన కాళ్ళ వైపు చూశాను. పగిలి, రక్తం చారలు కట్టిన కాళ్ళు. ఆ కాళ్ళతో ఆయన నా సంచి మోస్తూ నిలబడడం నాకెందుకో అన్యాయంగా అనిపించింది. ఆయన మీద నాకున్న కోపానికి ఇది సరైన మర్యాద కాదు.

పద్దెనిమిది మెట్ల పదునెట్టాంబడి ఎక్కి, స్వామిని కంటి రెప్ప ఆర్పేంత సేపు చూసి, బయటికి వచ్చాం. నీడ చూసి అందరం కూర్చున్నాక గురుస్వామి గారు ఒక్కొక్కరి ఇరుముడీ విప్పుతున్నారు. నెయ్యి పోసిన కొబ్బరికాయలు కొట్టి నెయ్యి గిన్నెలోకి తీస్తున్నారు. బియ్యం కొంత అక్కడ సమర్పించి, మిగిలింది ప్రసాదంగా ఇంటికి పట్టుకెళ్ళాలి. బావ తన బియ్యంలోంచి గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు.

"చూడండి స్వామీ."

చూశాను. బియ్యం. సన్నగా, కొత్తవి.

"బావున్నాయి స్వామీ."

"మీ చేలోవి."

నేను అరచేతి వంక చూస్తూనే ఉన్నాను. మా చేలో బియ్యం ఉండడానికి వీల్లేదు. మా చేలో ఉన్నది చౌడు. ఆరేళ్ళుగా నా కోపమంతా దాని మీదే కట్టుకుని ఉన్నాను.

"ఏ చేలోవి స్వామీ?"

"మీదే స్వామీ. చెరువు గట్టు పక్కది. ఇప్పుడు చెరువు లేదులెండి, పూడ్చేశాను." ఆయన నా వైపు చూడకుండా, బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు వేళ్ళు తిప్పుతూ చెప్పాడు. "పూడ్చినా మీ మడి తెల్లగానే ఉంది. మీ అక్కేమో అన్నం పెడుతూ కూడా కిటికీలోంచి దాన్నే చూసేది. నన్నేమీ అనదు. ఊరికే చూసేది. కాలవ వదిలినప్పుడల్లా మంచినీళ్ళు పెట్టి నిలవగట్టి, మురుక్కాలవలోకి వదిలేవాణ్ణి. జీలుగ చల్లి కలియదున్నాను. మొదటేడు ఏమీ రాలేదు. రెండో ఏడు తాలు. అప్పుడు మొక్కుకున్నా స్వామీ, గింజ పడితే తెచ్చి కొండ మీద పోస్తానని."

"నాకు చెప్పాలి కదా స్వామీ."

"ఎలా చెప్తాం స్వామీ. మనకి మాటల్లేవు గదా."

ఒకరి భూమిలో చెప్పకుండా సాగు చేయడాన్ని దురాక్రమణ అంటారు. అది నా ఉద్యోగం, నాకు తెలుసు. ఆక్రమించినవాడు ఉప్పు కడిగి, పండించి, గింజలు తెచ్చి యజమాని చేతిలో పోస్తే ఏం చెయ్యాలో మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. నా గుప్పిట దానంతటదే మూసుకుంది. విప్పితే ఎక్కడ రాలిపోతాయో అని కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

పెళ్ళి గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. కానీ అడిగితే స్వామి జవాబు చెప్తాడు. దీక్షలో ఉన్న స్వామి కాదనడు. కాదంటే నిష్ఠకి భంగం. నాకు కావలసింది మాల తీశాక బావ చెప్పే జవాబు. ఆయన చేను కడిగింది నా కోసం కాదనీ, కిటికీ దగ్గర అక్క కోసమనీ నాకు తెలుసు. అప్పు తీర్చినట్టు తీర్చేసి, మళ్ళీ మొహం తిప్పుకున్నా తిప్పుకోగల మనిషే. తిరుగు ప్రయాణమంతా నేను ఒక్క జోకూ వెయ్యలేదు. గురుస్వామి గారు జ్వరమేమోనని నా నుదురు ముట్టుకుని చూశారు.

గుడివాడలో బస్సు దిగేసరికి అక్క వచ్చి ఉంది. మేడ కింద మెట్ల పక్కన నిలబడి, మా ఇద్దరి మొహాల్లో ఏదో వెతుకుతోంది. గురుస్వామి గారు పీఠం ముందు ముందుగా బావ మాల తీశారు, తర్వాత నాది. మెడ ఒక్కసారిగా బోసిపోయింది. కిందికి వచ్చాం. అక్క తెచ్చిన చెప్పుల్లో బావ కాళ్ళు దూర్చాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకున్నాడు. ఇక నన్ను స్వామి అనాల్సిన అవసరం ఆయనకి లేదు. అసలు పలకరించాల్సిన అవసరమే లేదు.

"ఏరా" అన్నాడు.

"ఏంటి బావా."

"బుట్ట మొయ్యగలవా? నీలిమల మీద చూశాన్లే నీ వాలకం. అమ్మాయి మీ అక్క పోలిక. బరువే."

"మధ్యలో నా బరువెందుకండీ" అంది అక్క. అంటూనే అటు తిరిగి ఎవరితోనో ఫోనులో మాట్లాడడం మొదలెట్టింది. ఫోను తలకిందులుగా పట్టుకుంది. మేమిద్దరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

"మోస్తాను బావా" అన్నాను. ఇంకేదో చమత్కారంగా అందామనుకున్నాను. రాలేదు.

వారం తిరక్కుండా మా ఇంటి ముందు ఆటో ఆగింది. డ్రైవరు ఒక బియ్యం బస్తా దించి, "దివిసీమ నుంచండీ. రోజూ ఎత్తి దించమన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అదే చేలో బియ్యం. అప్పట్నుంచి పొద్దున్నే హాల్లో దాన్ని ఎత్తుతున్నాను. మొదటి రోజు మోకాలి దాకా, ఇప్పుడు నడుము దాకా వచ్చింది.

"మామయ్య గారి చేలోవి కదండీ, ఒక్క పూట వండి చూద్దాం" అంటుంది మా ఆవిడ రోజూ.

పెళ్ళయ్యేదాకా ఆ బస్తా మూతి విప్పడానికి వీల్లేదన్నాను. విప్పితే బరువు తగ్గుతుంది.