మా అన్నను చూసి చేయించుకున్న బ్రో లిఫ్ట్

మొదట నా ముఖంలో ఏదో తేడా ఉందనిపించింది వనస్థలిపురంలో మా మేనకోడలి పెళ్లిలో. మా మన్సూరాబాద్ పాత కుటుంబాల్లో పెళ్లినాడు ఇంటి పెద్ద తలకు ముందుగా రుమాలు చుడతారు. మా పెదనాన్న కొడుకు నర్సింహ అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా పెళ్లివారు ఆయన్ను దాటి వచ్చి నా తలకు చుట్టారు. అంతకు నెల ముందే ఆయన ఊరందరికీ చెప్పి మరీ బ్రో లిఫ్ట్, అంటే కనుబొమ్మలు పైకి లేపి నుదుటి ముడతలు తీసే ఆపరేషన్, చేయించుకున్నాడు. ముడతలేని నుదురుతో నా పక్కన పెళ్లికొడుకులా కూర్చున్నాడు. పెద్ద ఎవరిలా కనిపిస్తున్నారో నాకు అర్థమైంది. ఆ పూట అన్నం సహించలేదు.

ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చినవాణ్ణి నేను. చిన్నప్పుడు కొత్త చొక్కా ఆయనకు, అది వెలిశాక నాకు. ఏదీ మరిచిపోలేదు. ఇప్పుడు కొత్త ముఖం కూడా ఆయనకేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్‌కు ఫోన్‌లో అన్న ఫొటో చూపించాను. డాక్టరమ్మ ఫోన్ పక్కన పెట్టి నా కనుబొమ్మలు వేలితో ఎత్తి చూసింది. బ్రో టోసిస్ అంది. అవి జారి పైచూపుకు అడ్డొస్తున్నాయట. చూపు ఎంతమేర అందుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్, ఈసీజీ, రక్తపరీక్షలు అయ్యాయి. నా గుండె డాక్టరును అడిగి, నేను రోజూ వేసుకునే ఆస్పిరిన్ వారం ఆపించింది. "ఆ ముఖం మీకు రాదండి. మీ ముఖమే కాస్త తేలికవుతుంది" అని ముందే చెప్పింది. విన్నట్టు తలూపాను.

అన్నను చూసి చేయించుకున్నాడంటారని మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బ్రో లిఫ్ట్ అయ్యాక, అడిగినవారికి కంటి ఆపరేషన్ అని చెప్పి నల్లద్దాలు పెట్టుకున్నాను. జుట్టులో కోతకు కుట్లలా వేసిన స్టేపుల్స్, కళ్లచుట్టూ వాపు, మొద్దుబారిన నెత్తి.

ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజు ఎల్‌బీ నగర్‌లో ఇంకో పెళ్లి. స్టేపుల్స్ ఇంకా తీయలేదని మా ఆవిడ మొత్తుకున్నా వెళ్లాను. ఈసారి రుమాలు ముందు అన్నకు చుట్టారు. ఆయన కంటే చిన్నగా కనిపిస్తున్నానని నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నా వంతు. వద్దంటే గుట్టు బయటపడుతుంది. పెళ్లికూతురి మేనమామ బిగించి చుట్టాడు. నొప్పి తెలియలేదు, చెంప మీదికి నెత్తురు కారాకే తెలిసింది.

అన్నే ఆటోలో హాస్పిటల్‌కు తీసుకుపోయాడు. గాయం విచ్చుకుంది. తర్వాత ఇన్‌ఫెక్షన్, మూడు వారాల డ్రెస్సింగ్. తలకేమీ బిగించొద్దని రాసిచ్చానుగా అని డాక్టరమ్మ కోప్పడింది.

ఆ పూట హాస్పిటల్ బయట బెంచీ మీద అన్న అడిగాడు. "నాకన్న జెప్తే ఏమైతుండె తమ్మీ?"

ఇక ఆగలేకపోయాను. "వనస్థలిపురం పెళ్లిల నిన్ను దాటి నాకెందుకు చుట్టిన్రు? నేను ముసలోని లెక్క కనబడ్డ గదా."

"నేనే చెప్పిన. నా నెత్తి ఇంక పచ్చిగున్నది, మా తమ్మునికి చుట్టుండ్రి, జర ఇజ్జత్ దక్కుతదన్న."

ఆ ముక్క ఆ రోజే నా చెవిన వేస్తే ఏం పోయేదని ఇప్పటికీ కోపం.

ఎనిమిది నెలలైంది. ఎడమ కనుబొమ్మ కాస్త కిందికే ఉంది. దువ్వుకుంటుంటే ఎవరి తలో దువ్వినట్టుంటుంది. పైచూపు మాత్రం బాగుపడింది, మెట్రో స్టేషన్‌లో బోర్డులు మెడ ఎత్తకుండా చదువుతున్నాను. అన్న నుదురు నాకంటే నున్నగా కుదిరింది. చూస్తే ఇంకా కడుపు మండుతుంది, అబద్ధమెందుకు.

ఈ ఆపరేషన్‌కు వెళ్లేవారికి ఒక్కటే చెబుతాను. మీ తల మీద చెయ్యి వేసే ప్రతివారికీ, సెలూన్ అతని నుంచి చుట్టాల దాకా, ముందే చెప్పండి. అన్న సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు గనక ఆయన తలను పదిమంది కాపాడారు. నా తలకు నేనొక్కణ్ణే కాపలా కాశాను, అదీ ఆయన కంట పడకుండా.