ముడి వెయ్యని కొస

మొన్న మంగళగిరిలో మా అమ్మాయి పనిచేసే ఆఫీసు ముందు నిలబడి ఉంటే, రంగురంగుల చదరపు బిళ్ళలు కలిపి అల్లిన కోటు వేసుకుని ఒక పిల్ల నా ముందు నుంచే వెళ్ళింది; ముచ్చట పడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అలాంటి బిళ్ళలు కనబడితే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది మా తోటికోడలు. మీలో ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళకు ఆ మంట ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను చీరాలలో పుట్టి, తొంభైల చివర్లో ప్రత్తిపాడుకు కాపురానికి వచ్చాను. అత్తవారిది దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. పత్తి వచ్చే రోజుల్లో మా ఇంట్లో ఎవరి తల చూసినా నెరిసినట్టే ఉండేది, అన్నంలో కూడా దూది పోగులు ఏరుకుని తినేవాళ్ళం. నాకు మాత్రం ఊలు మీద ప్రాణం. బళ్ళో కుట్టు టీచరుగారు నేర్పిన క్రోషియా, ఆ కొక్కెం సూది నాతోపాటే అత్తారింటికి వచ్చాయి. మొదటి కడుపుతో ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసమని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మిగిలిపోయిన ఊలు ఉండలు తెచ్చుకుని, మధ్యలో ఒక రంగు, చుట్టూ మరో రెండు రంగులతో అరచేయంత బిళ్ళలు అల్లి, వాటిని కలిపి దుప్పటి చేశాను. ఏడు నెలలు పట్టింది.

ఆ దుప్పటిని మా తోటికోడలు నన్ను ఒక్క మాట అడగకుండా తీసుకెళ్ళి, మా ఆడపడుచు కొడుకు ఉయ్యాల వేడుకలో పరిచి, మధ్యాహ్నాలు నిద్ర మానుకుని తానే అల్లానని అందరితో చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని ఊరుకున్నాను. మా అత్తకు నిజం తెలుసు, పెద్ద కోడలి నోటికి జడిసి ఆవిడా ఊరుకుంది. ఆ వేడుకై నెల తిరక్కుండా పుట్టిన నా కూతురికి పాత చీర ముక్క కప్పాను. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఆ వేడుకకు వచ్చిన ఒక మిర్చి వ్యాపారి భార్య తన మనవరాలికి అలాంటిదే కావాలని మా తోటికోడలిని అడిగింది. ఈవిడ సరేననేసి, వంటింట్లో నా దగ్గరకు వచ్చి, "నువ్వు అల్లవే, ఎవరి పేరైతే ఏంటి, ఒక ఇంట్లోవాళ్ళమేగా" అంది. నేను తలూపాను. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నానా అని ఆవిడకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. పరుపు అప్పజెప్పేటప్పుడు, కుట్టు చివర మిగిలిన దారం కొసను వేలికి చుట్టుకుని, చేయించుకున్నవాళ్ళ కళ్ళ ముందే గట్టిగా లాగి చూపిస్తారు. ముడి లోపల ఉంటుంది కాబట్టి లాగినకొద్దీ కుట్టు బిగుస్తుంది. క్రోషియా అలా కాదు. చివరి మెలికలోంచి దారం దూర్చి ముడి వెయ్యకపోతే, కొస లాగగానే అల్లినదంతా వెనక్కి ఊడొస్తుంది. నేను బిళ్ళలన్నీ శ్రద్ధగా అల్లాను, వాటి కొసలన్నీ లోపలికి దాచాను, వాటిని కలిపిన దారానికి మాత్రం ముడి వెయ్యలేదు. వేలికి చుట్టుకునేంత కొస వదిలాను.

వ్యాపారిగారి భార్య నలుగురు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చిన రోజున, మా తోటికోడలు దుప్పటిని మంచం మీద పరిచి, "చూడండి, మా ఇంటి కుట్టు" అంటూ కొస లాగింది. ఒక వరస మొత్తం ఊడింది. కంగారుపడి ఇంకా లాగింది, రెండో వరసా వచ్చేసింది. "పర్లేదమ్మా, మళ్ళీ కలిపెయ్, మేం కూర్చుంటాంలే" అని వాళ్ళు నిజంగానే కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళి సూది తెచ్చి, ఇదిగో అక్కా అని ఆవిడ చేతిలో పెట్టాను. పరుపులు కుట్టే దబ్బనం పట్టినట్టు పట్టుకుని ఊలులో పొడిచింది. కొక్కేనికి దారం చిక్కలేదు. నాకు జాలి వెయ్యలేదు సరికదా, ఎన్నాళ్ళ ఆకలో తీరినట్టు అనిపించింది. ఆ సూది తీసుకుని, అందరి ముందూ కూర్చుని, గంటసేపు తల ఎత్తకుండా మొత్తం కలిపి ముడి వేసి, "ఉయ్యాల్లో వేసిందీ నేను అల్లిందేనండి" అన్నాను. అప్పుడు మా అత్త నోరు విప్పి, "అవునమ్మా, చిన్నదే అల్లింది" అంది.

ఆ తర్వాత మా తోటికోడలు నాతో తగాదా పడలేదు, అదే వింత. కొన్నేళ్ళకు, ఫోము పరుపులు వచ్చి మా ఇంట్లో దూది ఏకడం ఆగిపోయి, ఇద్దరికీ మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాక, ఒకరోజు నా పక్కన వచ్చి కూర్చుని "నాకూ నేర్పవే" అంది. కళ్ళు లాగుతున్నాయక్కా అని సూది పెట్టెలో పడేశాను. అప్పుడు నా కళ్ళకేమీ కాలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు నిజంగానే కళ్ళకు అల్లిక ఆనడం లేదు. మా అమ్మాయికి తీరిక లేదు, తీరిక ఉన్నవాళ్ళకు ఫోను ఉంది. ఇన్నేళ్ళలో నా పక్కన కూర్చుని నేర్పమని అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇవాళ వచ్చి అడిగినా నేర్పను. కానీ అడిగితే బాగుండు.