తనంతట తాను పడిన తాళం

మా అమ్మ కారులో చిక్కుకుపోవడానికి కారణం నేనేనని, తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు వేసేశానని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. అది అబద్ధం. మొన్న టాటానగర్ పక్కనున్న పర్సుడీహ్‌లో మా ఇంట్లో భోజనాల దగ్గర మా మరిది తన ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి మళ్ళీ ఆ కథే వినిపించాడు. నేను గరిటె కింద పెట్టి, "తాళంచెవి నా గుప్పిట్లోనే ఉందయ్యా" అన్నాను. "సర్లే వదినా, ఉందనుకో" అన్నాడు. ఆ 'అనుకో' దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నదాన్ని అనుకోవడమేమిటి? ఆ పిల్ల నాకేసి జాలిగా చూసింది. కొత్త కోడలి జాలికి పాత్రురాలినయ్యాక ఇక ఊరుకోవడం నావల్ల కాదు.

అసలు సంగతి మా నాన్న పాత కారు దగ్గర మొదలవుతుంది. నాన్న టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. ఎవరో వదిలించుకున్న కారొకటి కొన్నారు. దాని రంగేమిటని ఎవరైనా అడిగితే ఒక్కొక్క తలుపుకీ ఒక్కొక్క జవాబు చెప్పాల్సి వచ్చేది. అద్దం దించాలంటే పిడి పట్టుకుని తిప్పాలి. ఒక పిడి ఊడిపోతే నాన్న దాని బదులు సీటు కింద ఒక రెంచీ పెట్టారు, అంతే, రిపేరు అయిపోయింది. ఆ బండికి రోగమొస్తే ముందుగా దగ్గేది, పొగ వదిలేది, కాలిన వాసన వేసేది. ఎక్కడ నొప్పో మనకు తెలిసేది. ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజంటే కార్ఖానాల్లో యంత్రాలకీ, ఇళ్ళల్లో బళ్ళకీ పండగ. ఆ పొద్దున నాన్న బానెట్ ఎత్తి, ఇంజను మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించి, సబ్బుతో రుద్ది, పసుపు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా దాని మీదే పోసేవారు. "యంతరానికి తానం సేయించకపోతే అలుగుతాదే" అనేవారు. అది నాలుగు తుమ్ములు తుమ్మి, ఒళ్ళు విదిల్చుకుని కదిలేది.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మా ఆయన కొత్త కారు కొన్నది ఆ తర్వాతే. తలుపు సరిగ్గా వెయ్యలేదని, బెల్టు పెట్టుకోలేదని అది నసుగుతూనే ఉంటుంది. "ఇంట్లో నీకు పోటీ వచ్చింది" అని ఆయన మురిసిపోయారు. విశ్వకర్మ పూజ రానే వచ్చింది. అమ్మ స్టూలు వేయించుకుని కూర్చుంది. ఆయన గుడ్డతో తుడుస్తుంటే, "సుక్కలు సుక్కలుగా ఏటి బాబూ! మావోరైతే ఇంజనుకి తలంటు పోసేసేవోరు. పొయ్యండి, ఇంకా పొయ్యండి" అంది. అత్తగారి నోటి వెంట మామగారితో పోలిక వచ్చేసరికి ఆయనకి పౌరుషం వచ్చింది. పైపు తెచ్చి బానెట్ లోపల బాగా తడిపారు. ఆఖరున కొబ్బరినీళ్ళు. మా నాన్న నాటి రైల్వే భక్తి అంతా ఆ వైర్ల మీద కురిసింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ, వాకిట్లో ఎవరూ లేరు, వాన లేదు, ఆ కారు వైపరు ఒక్కసారి పొడి అద్దం మీద ఇటు నుంచి అటు వెళ్ళి ఆగింది. అమ్మ చూసింది. "ఏటే అది? ఎవులూ నేకండా ఆడతంది!" అంది. ఆయన నవ్వి, "పూజ అందిందత్తయ్యా" అన్నారు. నేను నవ్వలేదు.

మర్నాడు నేనే అమ్మని మాంగో పేటలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ మందుల దుకాణం ముందు ఎండలో బండి ఆపి, అమ్మని వెనక సీట్లో ఉంచి దిగాను. తాళంచెవి చేత్తో పట్టుకుని దిగాను. తలుపు వేసి రెండడుగులు వేశానో లేదో వెనక 'టక్'మంది. వెనక్కొచ్చి తాళంచెవి మీది మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. తాళంచెవి దూర్చుదామంటే కన్నమే కనబడలేదు. దాన్ని ఏదో సిగ్గుపడాల్సిన వస్తువులా తలుపు పిడి మీద ప్లాస్టిక్ మూత కింద దాచారని తర్వాత తెలిసింది. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు, పిల్లలు తెరవకుండా పెట్టిన ఏర్పాటది. ఆ మోకాళ్ళతో అమ్మ ముందు సీట్లోకి దాటలేదు. అద్దాలు దించే మీటలు నొక్కుతూనే ఉంది. చూస్తుండగానే ఆమె నుదురు, మెడ తడిసిపోయాయి. అరుస్తోంది, నోరు కదులుతోంది గాని మాట బయటికి రావడం లేదు. అంత గట్టిగా బిగించారు ఆ కారుని. ఆఖరికి అద్దం మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. నేను ఇటు నుంచి నా చెయ్యి పెట్టాను. అద్దం పెనంలా కాలుతోంది.

దుకాణాయన, "హటియే దీదీ, షీషా తోడ్నా పడేగా" అంటూ అద్దం పగలగొట్టడానికి ఇటుక ఎత్తాడు. నేను పక్కకి జరిగాను. ఇటుక ఇంకా గాలిలోనే ఉంది. 'టక్'. నాలుగు తలుపులూ ఒక్కసారే వదులయ్యాయి. అమ్మ నా మీద పడిపోయింది.

సర్వీసు సెంటరులో కుర్రాడు లాప్‌టాప్ తగిలించి చూసి, "గాడీ ఏక్‌దమ్ ఠీక్ హై మేడమ్" అన్నాడు. నీళ్ళు వెళ్ళాయేమో అంటే, ఆరిపోయి ఉంటాయన్నాడు. ఏ తప్పూ కనబడడం లేదు గనక తప్పు జరగలేదట. మరిక తప్పు నాదే కావాలి. ఇంటికొచ్చాక మా మరిది తీర్పిచ్చేశాడు: "వదిన తాళంచెవి లోపల మరిచింది. ఆనక వదిన తిట్లకి భయపడి కారే తెరుచుకుంది." అందరూ నవ్వారు, మా ఆయనతో సహా. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ కారెక్కలేదు. ఎక్కడికైనా ఆటోయే. "దానికి తలుపుల్నేవు" అంటుంది. రాత్రిళ్ళు తన గది తలుపు వెయ్యనివ్వదు.

కారు మాత్రం ఇంట్లోనే ఉంది. ఇప్పుడు దాన్ని మా అమ్మాయి కాలేజీకి నడుపుకెళ్తోంది. "వద్దే తల్లీ, దాని మనసులో ఏటో ఉంది" అని అమ్మ రోజూ గుమ్మం దాకా వెళ్తుంది. "కుఛ్ నహీ హోగా నానీ" అని, ఏమీ కాదులెమ్మని అమ్మమ్మకి చెయ్యూపి ఆ పిల్ల వెళ్ళిపోతుంది. మా ఆయన నాకేసి విసుగ్గా చూస్తారు.

నేను కాలేజీలో ఫిజిక్సు చదివాను, దెయ్యాల గురించి మాట్లాడడం లేదు. పోనీ, వాళ్ళ మాటే నిజమనుకుందాం, తాళం పడడానికి కారణం నేనే. ఎన్నేళ్ళయినా ఆ నింద మోస్తాను. కానీ చుట్టాలారా, ఇటుక తగలకుండా, మీట నొక్కకుండా ఆ తలుపులు తెరిచిందెవరు? పడిన క్షణానికీ వదిలిన క్షణానికీ మధ్య, ఆ కాస్త కాలం, మా అమ్మ ఊపిరి ఎవరి చేతిలో ఉంది?