డాక్టరమ్మగారి కాలికి సరిపడే క్లచ్

పలాసలో రైలు గేటుకి కాస్త ఇవతల నాకు చిన్న మోటారు షెడ్డు ఉండేది. యుద్ధం రోజుల్లో పటాలం వర్క్‌షాపులో నేర్చుకున్న పని అది. యాభైల మొదట్లో ఒకరోజు మిషను ఆస్పత్రి డాక్టరమ్మగారు తన పాత కారు తెచ్చి షెడ్డు ముందు ఆపారు. సముద్రం వైపు ఉద్దానం ఊళ్లకి వైద్యానికి వెళ్తే కారు ఇసకలో దిగబడిపోతోందట. పదిమంది తోస్తే గాని కదలడం లేదట. పటాలం వాళ్లు వదిలించుకున్న లారీ ఇంజను ఒకటి నా దగ్గర పడి ఉంది. అది దీనికి పెడతానన్నాను. ఆవిడ సరేనన్నారు.

ఇంజను ఎక్కించడానికి నెల్లాళ్లు పట్టింది. ఇక మిగిలింది క్లచ్. తొక్కితే ఇంజనునీ చక్రాలనీ విడదీసేదీ, వదిలితే కలిపేదీ అదే. కారు పాత క్లచ్ ఆ ఇంజను బలానికి ఆగలేదు. తిప్పిన మొదటి పూటే జారిపోయి మాడు వాసన కొట్టింది. మా అక్క మొగుడు లారీ డ్రైవరు.

"లారీ ఇంజనుకి లారీ క్లచ్చే ఎయ్యి బామ్మర్దీ. ఉడుంలాగ పట్టుకుంతాది," అన్నాడు.

నాకూ అదే తోచింది, వేశాను. తొక్కి చూస్తే నా కాలికి బాగానే ఉంది.

మర్నాడు డాక్టరమ్మగారు వచ్చి కూర్చున్నారు. పెడలు సగం దాకా దిగి ఆగిపోయింది. గేరు కరకరలాడింది. కారు ఒక్క గెంతు గెంతి షెడ్డు రాటని గుద్దుకుని ఆగింది. పరిగెత్తి వెళ్లి తలుపు తీశాను. ఆవిడకి దెబ్బ తగల్లేదు. మెల్లగా దిగి, చీర కుచ్చిళ్లు కొంచెం పక్కకి జరిపి ఎడమ పాదం చూపించారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆ కాలు సన్నబడిపోయిందని అప్పుడు చెప్పారు. నెల్లాళ్లూ నేను ఇంజను గురించి ఆలోచించాను గాని, తొక్కేదెవరో ఆలోచించలేదు.

"ఈ బండికి తగ్గ కాలు నేనెక్కడ తెచ్చుకోను బాబూ? నా కాలికి తగ్గ బండి చెయ్యి," అన్నారు. కోపంగా అన్లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత ఒక సంగతి తట్టింది. క్లచ్ ప్లేటుని బిగించి పట్టేవి స్ప్రింగులు, పెడలు తొక్కితే నొక్కుకునేవీ అవే; ఇవి లారీడు బరువు లాగడానికి పెట్టినవి. ఈ కారు మోసేది ఇద్దరు ముగ్గురు మనుషుల్నీ, మందుల పెట్టెనీ. అంత పట్టు ఎందుకు? లారీ ప్లేటే ఉంచి, స్ప్రింగులు మారిస్తే చాలు. బరంపురం వెళ్లి పాత సామాన్ల దుకాణాల్లో వెతికి మూడు రకాలు తెచ్చాను. డాక్టరమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, స్ప్రింగుల మీద చెక్క పెట్టి, ఎడమకాలితో నొక్కమన్నాను. ఒక రకం అసలు దిగలేదు. ఒకటి దూదిలా దిగింది, దానికి పట్టు చాలదు. మూడోది పళ్లు బిగబట్టి నొక్కితే దిగింది. దాన్నే పెట్టి, పెడలు కడ్డీ బెత్తెడు పొడుగు చేశాను. పొడుగు కడ్డీకి తక్కువ బలం చాలు.

"ఇసకలో జారిపోద్ది, సూడు," అన్నాడు బావ.

అక్కుపల్లి దారిలో పరీక్ష పెట్టాం. ఆవిడ నడుపుతున్నారు, నేను పక్కన, బావ వెనక. జీడితోటల మధ్య ఇసక మొదలైంది. ఇంజను మూలిగింది. అప్పుడే ముక్కుకి ఘాటుగా మాడు వాసన తగిలింది. అయిపోయిందనుకున్నాను. కారు ఆపమని దిగి, కిందకి దూరి క్లచ్ డొప్ప మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే. వాసన మాత్రం పోలేదు. బావ తోటలోకి చెయ్యి చూపించాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు జీడిపిక్కలు కాలుస్తున్నారు.

ఇసకలో కూలబడి నవ్వాను. డాక్టరమ్మగారూ నవ్వారు. మళ్లీ ఎక్కాం. ఆవిడ పెడలు నిండా తొక్కి, మెల్లగా వదిలారు. చక్రాలు ఒకసారి తడబడి, ఇసకని పట్టుకుని ముందుకి నడిచాయి. అక్కుపల్లి దాకా ఎవరూ తోయలేదు.

అక్కడ ఆవిడ రోగుల్ని చూస్తూంటే, ఒక బెస్త ముసలమ్మ మా ఇద్దరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. రెండుసార్లు మారు అడిగాను. తిరుగు దారిలో బావని ముందు కూర్చోమని, నేను వెనక సీట్లో ముడుచుకుని పలాస వచ్చేదాకా నిద్రపోయాను.