పంచదార వేసిన రొయ్యల ఇగురు

మా ఇంటి చరిత్రలో తియ్యటి రొయ్యల ఇగురు వండిన ఏకైక కోడలిని నేను. వడ్డించింది ఎవరికనుకున్నారు? నిడదవోలు నుంచి భోజనానికొచ్చిన ఆడపడుచుకి, ఆవిడ భర్తకి! ఇంతకన్నా ఘోరం మీ ఇంట్లో జరిగి ఉంటే చెప్పండి, వింటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భీమవరంలో ఉండగా జరిగిందిది. మామయ్యగారికి అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చింది. ఉప్పు, నూనె బాగా తగ్గించి ఆకుకూరలు పెట్టమన్నారు డాక్టరుగారు. అత్తయ్యగారికేమో మతిమరుపు జబ్బు మొదలైంది. కూరలో ఉప్పు వేసి, వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేసేవారు. వద్దంటే చిన్నబుచ్చుకునేవారు. ఆ కూర మామయ్యగారి కంచంలో పడుతుంటే ముందు నా గుండె ఆగేది.

అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. పంచదార మిక్సీలో మెత్తగా కొట్టి ఉప్పు డబ్బాలో పోశాను. అసలు ఉప్పు పై అరలో దాచాను. కూర కాస్త తియ్యగా ఉంటే కొంపేం మునుగుతుంది? నా తెలివికి నేనే మురిసిపోయి, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే వదినగారు వాళ్లు దిగారు. ఆ హడావుడిలో ఇగురులో ఉప్పు వేసిందెవరు? నేనే. ఏ డబ్బాలోంచి? మీరనుకున్న డబ్బాలోంచే!

మొదటి ముద్దకే వదినగారు కళ్లు తేలేశారు. "ఇదేంటి, రొయ్యల్ని పాకం పట్టావా?"

"అమ్మే ఏదో కలిపేసి ఉంటుంది," అన్నారు మా ఆయన.

"నేనసలు వంటింట్లోకే వెళ్లలేదురా!" అన్నారు అత్తయ్యగారు.

"నీకు గుర్తుండదులేమ్మా."

అత్తయ్యగారు తల దించుకున్నారు. నేను నోరు విప్పేలోపే ఆవిడ లేచారు. ఇగురు వేలితో అద్ది నాలిక్కి రాసుకుని, తిన్నగా వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి అందరి మధ్యా పెట్టారు.

"ఇదిగో, పంచదార! నాకు మతి తప్పింది గానీ నాలుక తప్పలేదు. ఎవరు పోశారిది?"

"నేనేనండీ అత్తయ్యగారూ," అని కథంతా చెప్పేశాను.

మామయ్యగారు కంచం ముందుకు జరిపారు. "పోనీలే, ఇన్నాళ్లకి ఈ ఇంట్లో ఏదో ఒక రుచి తగిలింది. ఇంకొంచెం వెయ్యమ్మా!"

సంగతి విని డాక్టరుగారు పడీపడీ నవ్వారు. "ఉప్పు అందకుండా పెట్టండి గానీ, ఆవిడ చేత వంట మాన్పించకండి. నిమ్మకాయ, కొత్తిమీర చేతికివ్వండి. ఎంత వేసినా భయం లేదు," అన్నారు.

అంతే! అత్తయ్యగారు మళ్లీ వంటింటి మహారాణి అయిపోయారు. ఆవిడ నిమ్మరసం పిండిన తోటకూర పప్పు మామయ్యగారు మారు వడ్డించుకుని తిన్నారు. బీపీ కూడా దారికొచ్చింది.

పొద్దున్న తిన్న టిఫిను గుర్తుండని అత్తయ్యగారికి ఆ డబ్బా సంగతి మాత్రం ఎలా గుర్తుండిపోయిందో! ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో నా వీపు నిమురుతూ చెప్పేవారు: "మా కోడలు బంగారమండి. పాపం, కాస్త మతిమరుపు!"

అందుచేత పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ డబ్బాలో ఏముందో ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పకుండా, ప్రాణం పోయినా సరే, ఈ చేత్తో ఇంకో డబ్బా నింపను.