గురజాల కోర్టులో సున్నం గీతలు

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా: రైల్లో కిటికీ పక్క సీటు ముందుగా తువ్వాలు వేసినవాడిదే. ఆ తువ్వాలు ఎవరిదన్నది విచారించరాదు. నరసరావుపేట స్టేషనులో ఈ శాసనం నేనే చేసి, పక్కాయన తువ్వాలుతో నేనే అమలు చేశాను. కాళ్ల దగ్గర గోనెసంచిలో సున్నం పొడి. జేబులో రంగయ్య మాస్టారి ఆఖరి ఉత్తరం: "కోర్టు గీతలు చెరిగిపోతున్నాయిరా, ఒకసారి వచ్చి వేసిపో." అది అందిన నెలలోపే ఆయన పోయారని కబురొచ్చింది. గీతలన్నా వేద్దామని బయలుదేరాను.

మాచర్ల బండి పొద్దున ఎనిమిదింటికి. గురజాలకు మూడో తరగతి టిక్కెట్టు పావలా తక్కువ రూపాయి. దిగేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి ఊళ్లోకి జట్కాకు రెండణాలు. జట్కా తోలే కాసిం కూడా మాస్టారి శిష్యుడే. మాస్టారు బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. సాయంత్రమైతే బడి వెనక చదును చేసిన నేలలో దర్జీకీ, బండివాడికీ, ఐదో క్లాసు తప్పిన నాకూ టెన్నిసు నేర్పేవారు. పాయింటు రానివాడికి ఆ ఆటలో "లవ్" అనాలట. ఆడవాళ్లు వింటే బాగుండదని "సున్న" అనమన్నారు. మొదటి పోటీకి అంపైరును నేను. "పదిహేను, సున్నం!" అని అరిచాను. కాసిం ఆట ఆపి, నడుమున దోపుకున్న సున్నం డబ్బీ తీసి మాస్టారికి అందించాడు. ఆయన పడీపడీ నవ్వారు. అప్పటినుంచి గురజాలలో పాయింటు రాకపోతే సున్నమే.

"ఇంకా ఆడుతున్నావా కాసిం?"

"ఎవరితో అన్నా? యుద్ధమొచ్చి బంతులు ఆగిపోయినయ్. సారు గుడ్డపీలికలు చుట్టి ఇచ్చాడు, అయ్యేమో ఎగరవు. జనం మానేశారు. సారు మాత్రం రోజూ వచ్చి ఒక్కడే నిలబడేవాడు."

కోర్టు కనిపించలేదు. మిరపకాయలు కనిపించాయి. వల గుంజలకు మేకలు కట్టి ఉన్నాయి. కాయలు తిరగేస్తున్న ముసలావిడ నా సంచి చూసి లేచింది.

"ఏందయ్యా అది? కాయల మీద సున్నం పోస్తావా? తిక్కలోడివా ఏంది?"

"మాస్టారు గీతలు వెయ్యమన్నారు పెద్దమ్మా. ఉత్తరం రాశారు."

"ఏదీ, చదువు."

చదివాను. ఆవిడ చేట పక్కన పెట్టింది. "చానా మంచోడయ్యా. మా పెద్దోడికి ఆట నేర్పింది ఆయనే. నేను కాయలు పోసినా ఒక్క మాట అనలా."

కాయలు తనే లాగింది. కాసిం తాడు పట్టాడు. గంటన్నరలో గీతలన్నీ వేశాం. ముగ్గురం నిలబడి చూశాం. చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాని గీతలు.

"అయిందా?" అంది పెద్దమ్మ. "ఎండ పోతే కాయ బూజు పడుద్ది."

అయిందన్నాను. తెల్ల గీతల మీద మళ్లీ ఎర్రగా పరిచేసింది.

తిరుగు బండిలో కిటికీ సీటు ఖాళీగానే దొరికింది. తువ్వాలు వెయ్యాలనిపించలేదు. ఊరంతటికీ ఆట నేర్పిన మనిషి వెనక మిగిలింది ఒక్క మాట. అదీ నేను తప్పుగా అరిచిన మాట.

వెళ్లేవారికి ఒక సంగతి: మంచినీళ్లు నరసరావుపేటలోనే పట్టుకోండి, సాయంత్రం నాలుగింటి బండి తప్పితే మర్నాటిదాకా గతి లేదు.

ఇక ఆ ఉత్తరం. పెద్దమ్మ ముందు నేను పట్టుకున్నది పచారీ చీటీ. మాస్టారు నాకు ఉత్తరమే రాయలేదు. నేను ఊరు వదిలేటప్పుడు నా అడ్రసు అడిగారు. పంపిస్తానన్నాను.